దొరికిన పాట, మనదైన పాట



మీ ఊరినుండి ఒక బిడ్డ ఉద్యోగపరీక్షలకు చదువుకొనుటకై హైదరాబాదు వెళ్లియున్న యెడల, ఆ బిడ్డ అద్దెగది అశోక్‌నగర్‌లోనో, దానిని ఆనుకొనియున్న చిక్కడపల్లిలోనో ఉండవచ్చును. సాయంకాలమున ఆ వీధులలో నిలిచి చూడుడి. పుస్తకముల సంచులు తగిలించుకొని యువతీయువకులు గుంపులుగా నడచుచుందురు. వారిలో అనేకుల చెవులలో గుండీలవంటి చిన్న వస్తువులు కనబడును. వాటిలోనుండి వారికి పాట వినబడుచున్నది. ప్రక్కన నడచువానికి మాత్రము ఏమియు వినబడదు. ఆ పాట జేబులోని సెల్‌ఫోనునుండి వచ్చుచున్నది. ఫోనులోనికి అది ఎక్కడినుండి వచ్చెను? దాని వెల ఎవరు చెల్లించిరి? రేపు ఆ ఫోను పాడైపోయినచో ఆ పాట ఎవరియొద్ద నిలుచును?

ఇవి పట్టణపువారి ప్రశ్నలని పుట త్రిప్పివేయకుడి. నేడు మీ పొలముగట్టు మీదను, మీ ట్రాక్టరు మీదను, ఆరాధనకు ముందు మీ సంఘపు యౌవనుల చేతులలోను అదే ఫోను పాడుచున్నది. కాబట్టి ఈ పాట మన చేతికి వచ్చిన త్రోవను మొదటినుండి కొంచెము చూతము.

హైదరాబాదు మెట్రో రైలులో ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ అనునవి వరుసగా మూడు స్టేషనులు. ఈ మార్గము 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమాయెను. రైలు లేని కాలములోను ఇవి నడకదూరపు పేటలే. నారాయణగూడలో వై.ఎమ్.సి.ఏ. ఉన్నది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయమున్నది. అక్కడ ఉదయమే వచ్చి చోటు పట్టుకొని రాత్రివరకు చదువుకొను బిడ్డలనేకులు. ఆ పేటలోనే శ్రీ త్యాగరాయ గానసభ కలదు. క్రాస్ రోడ్సులో సంధ్య, దేవి, సుదర్శన్ మొదలగు సినిమా హాళ్లు కలవు. ఈ స్థలములు మనకొక సంగతి చెప్పుచున్నవి. ఒకప్పుడు పాట మనిషియొద్దకు రాలేదు. మనిషియే పాటయొద్దకు వెళ్లెను. కచేరీ వినవలెనన్న గానసభకు, సినిమా పాట వినవలెనన్న హాలుకు నడిచివెళ్లి, పదిమంది నడుమ కూర్చుండి వినవలసియుండెను.

పాటను పాడినవాని నోటినుండి వేరుచేసి దాచిపెట్టుట 1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ చేసిన ఫోనోగ్రాఫుతో మొదలాయెను. పది సంవత్సరముల తరువాత ఎమిల్ బెర్లినర్ అనునతడు చదునైన పలక మీద ధ్వనిని గీయు గ్రామఫోనును కల్పించెను. 1902లో గ్రామఫోను కంపెనీ పనిమీద ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని పాటలు రికార్డు చేసెను. అప్పటి రికార్డు సుమారు మూడు నిమిషములు మాత్రమే పాడును. పాట ముగియగానే ఆమె తన పేరు పైకి చెప్పెడిది. ఎందుకనగా ఆ రికార్డులు అచ్చుపడవలసినది జర్మనీ దేశములోని హానోవరు పట్టణమున. అక్కడి పనివారికి మన భాష తెలియదు. ఆ గొంతు ఎవరిదో తెలిసికొని సరియైన చీటీ అంటించుటకు వారికి ఆ మాట సహాయపడెను. ఈ సంగతి మనస్సున ఉంచుకొనుడి. మొదటి దినములలో పాటతోకూడ పాడినవారి పేరు కూడ ప్రయాణము చేసెను.

గ్రామఫోను కలిగినవారి యింటి వస్తువు. రేడియో అంతకంటె దూరము వచ్చెను. హైదరాబాదులో నిజాము పరిపాలనలో 1935లో దక్కను రేడియో ప్రారంభమాయెను. 1950లో అది ఆకాశవాణిలో చేరెను. అయితే రేడియో పాట మనము కోరినప్పుడు రాదు. అది వచ్చు వేళకు మనమే దానియొద్ద కూర్చుండవలెను. తప్పిపోయిన చరణము మరల ఎన్నడు వినబడునో తెలియదు గనుక, వినువారు చెవియొగ్గి విని, జ్ఞాపకములో పట్టుకొనిరి. ఆ తరమువారు ఇప్పటికిని పాత పాటలను తడుముకొనకుండ పాడుటకు ఇదియొక కారణము.

1963లో ఫిలిప్స్ కంపెనీవారు క్యాసెట్టును బయటికి తెచ్చిరి. గ్రామఫోను వినిపించును గాని మన పాటను వ్రాసికొనదు. క్యాసెట్టు రెండును చేయును. 1980 తరువాత మన దేశములో క్యాసెట్టు చవుకయై ఊరూర వ్యాపించెను. పట్టణములలోని దుకాణములలో మనకు కావలసిన పాటల పట్టీ వ్రాసి యిచ్చినయెడల, ఖాళీ క్యాసెట్టులోనికి ఎక్కించి యిచ్చెడివారు. అరువది నిమిషముల క్యాసెట్టులో పదునైదు పాటలకు మించి పట్టవు. కాబట్టి ఏది ఉంచవలెను, ఏది విడువవలెనని ఇంటిల్లిపాది కూర్చుండి ఆలోచించిరి. ఉంచిన పదునైదింటిని టేపు అరిగిపోవువరకు వినిరి. టేపు చిక్కుపడినప్పుడు పెన్సిలు గ్రుచ్చి చుట్టి బాగుచేసికొనిరి. తక్కువ దొరికెను గనుక, దొరికినదానిని బాగుగా ఎరిగిరి. 1979లో జపానుదేశపు సోనీ కంపెనీ వాక్‌మన్ అను చిన్న యంత్రమును చేసెను. దానితో పాట నడుచువాని చెవులలోనికి చేరి, అతనికొక్కనికే వినబడసాగెను. నేడు అశోక్‌నగర్ వీధులలో మనము చూచు చెవిగుండీలకు అదియే తల్లి.

ఇక పెద్ద మార్పు జర్మనీలో జరిగెను. ఎర్లాంగెన్ పట్టణమున ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ మొదలగు శాస్త్రజ్ఞులు, పాటను కుదించి చిన్నదిగా చేయు ఉపాయమును వెదకిరి. దాని మర్మమిది. డప్పు మ్రోగుచున్నప్పుడు ప్రక్కనున్న చీమిడి ముక్కు ఎగబీల్చినను మనకు వినబడదు. పెద్ద ధ్వని చిన్న ధ్వనిని కప్పివేయును. ఎట్లును వినబడనిదానిని దాచుట ఎందుకని వారు దానిని తీసివేసి, వినబడునదానిని మాత్రము ఉంచిరి. నాలుగు నిమిషముల పాట సీడీలో నలువది ఎమ్‌బీల చోటు తీసికొనును. ఈ ఉపాయముచేత నాలుగు ఎమ్‌బీలలో ఇమిడెను. 1995 జూలై 14న దానికి ఎమ్‌పీ3 అను పేరు స్థిరపరచిరి.

ఆ సంవత్సరమే, ఆగస్టు 15న, మన దేశములో విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చుట మొదలుపెట్టెను. 1998లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి కలిగెను. అటుతరువాత విద్యార్థులుండు పేటలలో గంటకింత అని రుసుము తీసికొను ఇంటర్నెట్ కేంద్రములు వెలసెను. ఆనాటి టెలిఫోను లైను మీద నాలుగు ఎమ్‌బీల పాట దిగుటకు లైను బాగున్నను పది నిమిషములు పట్టును. మధ్యలో లైను తెగినచో చాలమారులు మొదటికే వచ్చును. అమెరికాలో షాన్ ఫానింగ్ అను విద్యార్థి 1999లో న్యాప్‌స్టర్ అను ఏర్పాటు చేసెను. దానిద్వారా లోకములో ఎవరి కంప్యూటరులోనున్న పాటనైనను మరియొకరు వెల లేకుండ తీసికొనగలిగిరి. సంగీత కంపెనీలు న్యాయస్థానమునకు వెళ్లగా 2001 జూలైలో అది మూతపడెను. అయితే వెల లేకుండ పాట తీసికొను అలవాటు మూతపడలేదు.

ఎమ్‌పీ3 పాటలను జేబులో పెట్టుకొని వినుటకు మొదటి యంత్రము 1998లో కొరియాలో సేహాన్ కంపెనీ చేసెను. ఆ యేడే అమెరికాలో వచ్చిన రియో అను యంత్రములో 32 ఎమ్‌బీల చోటుండెను. ఎనిమిది పాటలు పట్టుట గగనము. సంగీత కంపెనీలు దానిమీదను వ్యాజ్యము వేసిరి గాని ఓడిపోయిరి. 2001 అక్టోబరులో ఆపిల్ కంపెనీ ఐపాడును చూపెను; అందులో వెయ్యి పాటలు పట్టును. దాని వెల 399 డాలర్లు. మన రైతుకూలికి అది చందమామవంటి వస్తువు. 2022 మే నెలలో ఆ కంపెనీ ఐపాడు తయారీని ఆపివేసెను. లోకమంతయు పొగడిన వస్తువు ఆయుస్సు ఇరువది సంవత్సరములు మాత్రమే.

బీదవాని జేబులోనికి పాటను తెచ్చినది ఐపాడు కాదు, వేలిగోరంత మెమరీ కార్డు. మనవారు దానిని చిప్పు అందురు. 2005లో మైక్రో ఎస్‌డీ అను పేరుతో అది స్థిరపడెను. ఒక జీబీ చిప్పులో 250 పాటలు పట్టును. క్యాసెట్లలో నయితే పదునారు పదునేడు కావలెను. బొత్తాముల ఫోనులో దానిని వేసికొనినచో ఎద్దులబండి మీదనుండియు పాట వినవచ్చును. పట్టణపు సందులలోను, మండలకేంద్రపు బస్సుస్టాండులలోను చిన్న సెల్‌ఫోను దుకాణములలో ఒక కంప్యూటరు పెట్టుకొని, కొద్ది రూపాయలకు చిప్పు నిండ పాటలు ఎక్కించి యిచ్చిరి. ఇంటర్నెట్ చూడనివారు, చదువురానివారు కూడ ఆ దుకాణము ద్వారా పాటలు సంపాదించుకొనిరి. అది బీదవారికి గొప్ప మేలని ఒప్పుకొనవలెను. గ్రామఫోను ధనవంతునికిచ్చిన ఆనందమును వంద సంవత్సరముల తరువాత చిప్పు కూలివానికిచ్చెను.

అయితే ఆ చిప్పులో ఒకటి లోపించెను. గౌహర్ జాన్ పాట చివర తన పేరు చెప్పెను గదా? చిప్పులోని పాటకు చాలమారులు పాడినవారి పేరుగాని, వ్రాసినవారి పేరుగాని, స్వరము కూర్చినవారి పేరుగాని లేదు. ఒక అంకెయో, ఎవరో పెట్టిన తప్పు పేరో ఉండెను. దుకాణమునకు ఇచ్చిన రూపాయలలో ఆ పాటను కన్నవారికి సాధారణముగా ఒక్క పైసయు చేరలేదు. మన దేశములో రచయిత హక్కును కాపాడు చట్టము 1957లోనే వచ్చెను. అయినను సినిమా పాటలు వ్రాసినవారు, కట్టినవారు తమ హక్కంతయు నిర్మాతలకు వ్రాసియిచ్చుట వాడుకయాయెను. 2012లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, సినిమా హాలులో కాక ఇతరవిధములుగా పాట వాడబడినప్పుడు కవికిని సంగీతకర్తకును వచ్చు భాగమును వారినుండి లాగివేయకూడదని నిర్ణయించెను. కవియు రాజ్యసభ సభ్యుడునైన జావేద్ అఖ్తర్ ఆ సవరణకొరకు గట్టిగా వాదించెను. పొలములో కలుపు తీసినవానికి కూలి ఎగవేయుట పాపమని మనమెరుగుదుము. పాట కట్టినవాని కూలియు కూలియే.

ఇంకొక మార్గమున డబ్బు మననుండి పోయెను. 2004లో మన దేశములో కాలర్ ట్యూను వచ్చెను. ఎవరైనను మనకు ఫోను చేసినప్పుడు వారికి గంటకు బదులు పాట వినబడును. అప్పట్లో దానికి నెలకు సుమారు 30 రూపాయలు తీసికొనిరి. కొంతకాలము సంగీత కంపెనీల ఆదాయములో పెద్దభాగము ఇట్టి ఫోను పాటలనుండియే వచ్చెను. అయితే పొరబాటున ఒక బొత్తాము నొక్కినవారికి, అడుగనే అడుగనివారికి కూడ పాట తగిలించి డబ్బు కోసికొనిరని దేశమంతట ఫిర్యాదులు లేచెను. అందుచేత 2013 జూలైలో ట్రాయ్ అను ప్రభుత్వ నియంత్రణసంస్థ, ఇట్టి సేవకు వినియోగదారుడు రెండుమారులు సమ్మతి తెలిపిననే గాని డబ్బు తీసికొనరాదని ఆజ్ఞాపించెను. ఆలోచించుడి: కాలర్ ట్యూను వెల ఇచ్చువాడు ఆ పాటను తాను వినడు! ఎదుటివాడు వినును, అతడును సగములోనే ఫోను ఎత్తబడుటచేత ముగింపు వినడు.

2016 సెప్టెంబరు 5న జియో సేవ మొదలైన తరువాత మరియొక కాలము వచ్చెను. ట్రాయ్ లెక్కప్రకారము ఒక జీబీ డేటా సగటు వెల 2014లో 269 రూపాయలుండగా, 2018 నాటికి 12 రూపాయల లోపునకు దిగెను. ఇక పాటను దింపుకొని దాచుకొనవలసిన పనియే లేకపోయెను. నీళ్ల కొళాయివలె త్రిప్పినంతనే పాట వచ్చును. గానా, సావన్, వింక్ మొదలగు పాటల సేవలు అప్పటికే ఉండెను. 2019లో స్పాటిఫై కూడ వచ్చెను. చిప్పులు నింపు దుకాణములు ఇప్పుడు ఫోను అద్దములు మార్చి, కవరులు అమ్మి బ్రదుకుచున్నవి.

కొళాయి మంచిదే, కాని బావి మనది కాదు. ఎయిర్‌టెల్ వారి వింక్ సేవ 2014లో మొదలై కోట్లమంది వాడుకొనినది. 2024 ఆగస్టులో దానిని మూసివేయుచున్నట్లు ఆ కంపెనీ ప్రకటించెను. అట్టి సేవలలో డౌన్‌లోడు చేసికొనిన పాట ఆ సేవలోనే తెరచుకొనును, బయట తెరచుకొనదు. తాళముచెవి వారియొద్ద నుండును. వారు తలుపు మూసిన దినమున, దాచుకొంటిమనుకొనిన మన పట్టీయు లోపలనే ఉండిపోవును.

ఇంతవరకు యంత్రముల సంగతి చెప్పితిని. ఇప్పుడొక మనిషి సంగతి చెప్పుదును. నేనెరిగిన యొక యువకుడు పల్లెనుండి వచ్చి అశోక్‌నగర్‌లో ముగ్గురితో కలిసి ఒక గదిలోనుండి పరీక్షలకు చదువుచుండెను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, తల్లి వరినాట్లలో పాడు పాటనొకదానిని తన బొత్తాముల ఫోనులో రికార్డు చేసికొనెను. అది రెండు నిమిషముల పాట. నడుమ కోడికూతయు, తల్లి దగ్గును ఉండెను. కొన్ని నెలలకు చిప్పు నిండిపోయెను. క్రొత్త పాటలు ఎక్కించుకొనుటకు ఒక చిన్న దుకాణమునకు వెళ్లెను. “పాతవి తీసెయ్యనా అన్నా?” అని దుకాణపు పిల్లవాడడిగెను. ఇతడు ఎవరితోనో మాటలాడుచు, “తీసెయ్ తమ్ముడూ” అనెను. పిల్లవానియందు తప్పు లేదు. అతడు అడిగియే చేసెను. రెండు వందల క్రొత్త పాటలు వచ్చెను. ఒక పాత పాట పోయెను.

తల్లి బ్రదికియున్నంతకాలము అతనికి ఆ లోటు తెలియలేదు. ఆమె గతించిన కొన్ని దినములకు, రాత్రివేళ గదిలో అందరు నిద్రించుచుండగా, అతడు ఆ పాటకొరకు ఫోనంతయు వెదకెను. అప్పుడు దుకాణములో తానన్న మాట జ్ఞాపకమునకు వచ్చెను. మిద్దెమీదికి పోయి, అక్కకు ఫోను చేసి యేడ్చెను. అక్క కొంతసేపు ఊరకుండి, తరువాత ఆ పాటను మొదటినుండి చివరివరకు పాడెను. ఆమె దానిని ఏ చిప్పులోను ఎక్కించుకొనలేదు. బురదలో తల్లి ప్రక్కన వంగి నారు నాటుచు నేర్చుకొనెను.

అక్క అతనికి పాటను తిరిగి యిచ్చెను. తల్లి గొంతును ఇయ్యలేకపోయెను. నూట యేబది సంవత్సరముల ఈ చరిత్రలో మనము నేర్చుకొనవలసినదంతయు ఆ రాత్రిలో ఉన్నదని నాకు తోచుచున్నది. గొంతును దాచుట యంత్రమునకే చేతనగును. పాటను దాచుట మనిషికి చేతనగును. ఒకరి పని మరియొకరికి అప్పగించినచో రెండును పోవును.

మన సంఘములలో పాడు కీర్తనలనే చూడుడి. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో గతించిరి. వారి గొంతు ఎట్లుండెనో మనలో ఎవరమును ఎరుగము. అయినను వారి కీర్తనలు గ్రామఫోను రాకముందే ఊరూర నడిచెను. చదువురాని అవ్వలు వాటిని చరణము తప్పకుండ పాడిరి. పాటతోకూడ వారి పేరును నిలిచెను. అప్పుడు ఏ కంపెనీ తలుపు మూసినను ఆ పాటలు పోవుటకు వీలులేకుండెను. ఏలయనగా అవి మనుష్యులలో ఉండెను.

కాబట్టి ప్రియ చదువరీ, ఫోనును పారవేయుమని నేను చెప్పుట లేదు. అది మంచి పనివాడు. పనివానికి తగిన పని చెప్పుడి. మీ యింట ముసలి తల్లిదండ్రులున్న యెడల ఈ వారములోనే వారి చేత ఒక పాట పాడించి ఫోనులో రికార్డు చేసికొనుడి. దానికి వారి పేరును, ఊరిపేరును, తేదీని పెట్టుడి. ఒకే ఫోనులో ఉంచక, వేరొక చోట రెండవ ప్రతి ఉంచుడి. చిప్పు చెడును, ఫోను నీటిలో పడును, కంపెనీ మూతపడును. పట్టణములోనున్న మీ బిడ్డకు కూడ ఒక ప్రతి పంపుడి.

మీరు ప్రీతితో వినుచున్న పాటను కట్టినదెవరో, వ్రాసినదెవరో తెలిసికొనుడి. వెల చెల్లించి వినగలిగినప్పుడు చెల్లించుడి. ఎవరి పాటనైనను ఇతరులకు పంపునప్పుడు వారి పేరుకూడ పంపుడి. దానికి ఖర్చులేదు.

చివరిగా, వేలకొలది పాటలలో ఒకదానిని ఎన్నుకొని, ఫోను ప్రక్కనబెట్టి, మీ బిడ్డలతో కూర్చుండి నోటికి వచ్చువరకు నేర్చుకొనుడి. ఒకప్పుడు అరువది నిమిషముల క్యాసెట్టు మనచేత బలవంతముగా చేయించిన ఎంపికను ఇప్పుడు మనమే ఇష్టపూర్వకముగా చేయవలెను. దొరికిన పాటలు లెక్కకు మించి యున్నవి. మనదైన పాట ఏదో కరెంటు పోయిన రాత్రి తెలియును. ఆ రాత్రి మీ యింట ఎవరు పాడుదురు?